అన్నం ముట్టని మనిషి

“ప్రమాణం చెయ్యి,” అన్నాడు జగదీశ్వరరావు.

రోజారమణి కదలలేదు. ఎడమ కనుబొమ మీద నర్సు పెట్టిన నీలిసిరా గుర్తు ఇంకా చెరగలేదు. రెండు కళ్ళకూ శుక్లాలే అయినా ముందు ఎడమదని, ఆపరేషను చేయవలసిన కన్ను ఏదో పొరబడకుండా పెట్టే గుర్తు అది. ఆపరేషను జరగలేదు. గుర్తు మాత్రం విశాఖపట్నం నుంచి నర్సీపట్నం దాకా బస్సులో పదిమందికీ కనబడుతూ వచ్చింది.

“ఏమని చెయ్యమంటారు?”

“చాటుగా ఏమీ తినడం లేదని.”

“ఆ మాట డాక్టరుగారికి చెప్పాను. మీరు పక్కనే ఉన్నారు.”

“ఉన్నాను కనకే అడుగుతున్నాను. ఆయన నవ్వాడు చూశావా? చూడలేదు, నీకు కనబడదు. నేను చూశాను. అందరూ ఇలాగే చెబుతారమ్మా అని నవ్వాడు. పాతికేళ్ళు పిల్లలకి రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి, అక్కడ తలెత్తలేకపోయాను.”

“నవ్వింది డాక్టరు. నమ్మింది మీరు.”

అతను గది ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. మళ్ళీ వెనక్కు వచ్చాడు. బస్సు దిగి వచ్చినప్పటి నుంచీ చెప్పులు విప్పలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ అతనికి గుర్తు చేయలేదు.

ఇది రెండోసారి. మొదటిసారి ఆపరేషను బల్లకు నాలుగడుగుల దూరంలో ఆపేశారు. ఈసారి అక్కడి దాకా కూడా వెళ్ళనివ్వలేదు. రక్తంలో చక్కెర అంత ఉండగా కంటి మీద కత్తి పెట్టనని డాక్టరు ఖండితంగా చెప్పాడు. దసరా సెలవుల మొదట్లో ఒక తేదీ ఇచ్చాడు. శుక్లం అడ్డం ఉండడం వల్ల కంటి వెనక పొర ఏ స్థితిలో ఉందో తనకు తెలియడం లేదనీ, అక్కడ ఏదైనా పాడవుతూ ఉంటే ఆలస్యమైన కొద్దీ తిరిగిరాదనీ కూడా చెప్పాడు. ఆ చివరి మాట దంపతులిద్దరూ విన్నారు. దారిలో ఇద్దరూ దాన్ని ఎత్తలేదు.

“మాత్రలు రెండింతలు చేశారు. వేళకి వేసుకుంటోంది. మరి పెరుగుతున్నది ఎక్కణ్ణించి? గాల్లోంచా?” జగదీశ్వరరావు ఇప్పుడు భార్యతో కాక గోడతో మాట్లాడుతున్నాడు. “వంటింట్లో బెల్లం దిమ్మ సగానికి దిగిపోయింది. ఎలకలు తింటున్నాయేటి?”

“ఎలక కాదురా, నాను,” అంది గుమ్మం దగ్గర కూర్చుని తోటకూర బాగుచేస్తున్న అతని తల్లి అప్పలకొండమ్మ. “అంబలిలోకి గిల్లుకుంతన్నాను. నాకు సుగరూ నేదు, పళ్ళూ నేవు. నీ డాట్రుకి సెప్పి నన్ను జైల్లో ఎట్టించు.”

“నువ్వూరుకోమ్మా.”

“నానెందుకూరుకుంతాను? దాన్ని పెమానం సెయ్యమంతన్నావే, ఈ ఇంటికి కోడలొచ్చిన కాణ్ణించి నాతో లచ్చ సార్లు దెబ్బలాడింది గానీ ఒక్క అబద్దం ఆడిందేటి? అబద్దమాడితే మా ఇద్దరికీ ఇన్ని దెబ్బలాటలెందుకొస్తాయి?”

మరోరోజైతే రోజారమణి నవ్వేది.

“నేను ప్రమాణం చెయ్యను,” అంది. “చేస్తే మీరు నమ్ముతారు. నమ్మడానికి ప్రమాణం కావలసి వచ్చిందని నేను బతికున్నన్నాళ్ళూ మరిచిపోలేను.”

గోడను తడుముకుంటూ లోపలికి వెళ్ళింది. ఆ తడుముకోవడం మొన్న మొన్నటి దాకా లేదు. జగదీశ్వరరావు అది చూశాడు. చెంబెడు నీళ్ళు గటగటా తాగాడు. చాలక, మరో చెంబు ముంచుకున్నాడు.

*

మరునాడు ఆదివారం. శ్రీదుర్గకు ల్యాబు సెలవు. జగదీశ్వరరావుకు ఆమె చెల్లెలి కూతురు. నిరుటి నుంచి కోడలు. భర్త ధర్మతేజ పరవాడలో మందుల కంపెనీ షిఫ్టులకు వెళ్ళి వారానికొకసారి వస్తాడు. ఊళ్ళోనే ఒక రక్తపరీక్షల ల్యాబులో పని చేసే శ్రీదుర్గకు పగలంతా ఇతరుల చక్కెర అంకెలతోనే సరిపోతుంది. ఇంట్లో అత్తగారి అంకె ఎందుకు దిగడం లేదో తాను ఒక్కనాడైనా కూర్చుని ఆలోచించలేదన్న సంగతి రాత్రంతా ఆమెను కుదురుగా పడుకోనివ్వలేదు.

వంటింట్లో రోజారమణి వీపు తిప్పి నిలబడి ఉంది.

“అత్తా, మామూలు రోజున పొద్దున్నుంచి నువ్వేం తింటావో చెప్పవా?”

“నీకూ ప్రమాణం కావాలేటి? అన్నం ముట్టుకోవడం లేదు.”

“అన్నం అడగలేదు. అన్నం కానివి చెప్పు.”

“అన్నం కానివేముంటాయి, పలహారాలు.”

“అవే చెప్పు.”

రోజారమణి ఇటు తిరిగింది. పాఠం అప్పగించమన్న పిల్లలా చేతులు కట్టుకుంది. “పొద్దున్న ఉప్మా. గోధుమనూకే, బొంబాయి రవ్వ కాదు. బడికి వెళ్ళాక ఇంటర్వెల్లులో చోడి అంబలి.”

“ఎంత?”

“నీళ్ళసీసాడు. చోళ్ళు, అదే రాగులు, మంచివని టీవీలో రోజూ ఊదరగొడుతున్నారు కదా. మధ్యాహ్నం చపాతీలు.”

“ఎన్ని?”

“నాలుగు. ఆకలేస్తే ఇంకొకటి. అన్నం లేదు కదమ్మా మరి, కడుపు నిండాలి కదేటి? సాయంత్రం అటుకులు. రాత్రి మీ మావయ్య తెచ్చిన బ్రెడ్డు, పాలల్లో నానేసుకుని. అదీ తెల్ల బ్రెడ్డు కాదు, గోధుమరంగుది.” కట్టుకున్న చేతులు విప్పింది. “ఇందులో ఏది తప్పో చెప్పు.”

శ్రీదుర్గ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. తప్పు తనకు తెలియనిది కాదు. తాను పుట్టిన ఇంట్లోనూ ఆ తప్పు ఇలాగే చెలామణీ అయింది. శనివారం రాత్రి తల్లి ఉపవాసమని చెప్పి ఆరు ఇడ్డెనలు తినేది. ఎనిమిది తిన్న తండ్రి, ఎవరైనా భోజనమైందా అంటే ఇంకా లేదనేవాడు. ఈ నేలలో అన్నం విస్తట్లో పడితేనే తిన్నట్టు. తక్కినవి ఎన్ని తిన్నా అవి తిండి కింద జమపడవు. అన్నం తగ్గించమని షుగరు మందులిచ్చే డాక్టరు చెప్పగానే, మాట మీద నిలబడే మనిషి కనక రోజారమణి తగ్గించలేదు, పూర్తిగా మానేసింది. మానేసి, ఆ ఖాళీని రోజుకు ఐదుసార్లు నింపుకొంది.

“నువ్వు అబద్ధం చెప్పలేదత్తా,” అంది చివరకు.

“ఆ మాట మీ మావయ్యకి చెప్పు.”

“చెబుతాను. కానీ నెత్తుటికి అది అన్నమో ఉప్మానో తెలీదు. నూకైనా, చపాతీ అయినా, అటుకులైనా కడుపులోకెళ్ళాక చక్కెరే అవుతుంది. అంబలి మరీ బేగి అవుతుంది, పల్చగా కాచి తాగుతాం కదా. చోళ్ళు చెడ్డవని కాదు, సీసాడు తాగితే ఏదైనా అంతే. బ్రెడ్డు సంగతి సరేసరి. రంగు గోధుమది కావచ్చు, లోపల చాలావరకు మైదాయే.”

“అయితే?”

“అయితే అన్నం మానేసినా తిండి తగ్గలేదు.”

రోజారమణి పొయ్యి ఆపేసింది. ఎందుకు ఆపిందో ఆమెకే తెలియదు. పొయ్యి మీద ఏమీ లేదు.

ఆమె పుట్టిల్లు నాతవరం. తాండవ నది నీళ్ళు పారిన మళ్ళలో పండిన బియ్యం ఏటా ఆ ఇంటి నుంచి వచ్చేవి. కొత్తబియ్యం ఉడికే వాసన వీధి మలుపులో ఉండగానే పోల్చుకోగలిగిన మనిషి ఆమె. కాశీ వెళ్ళినవారు ప్రాణప్రదమైన కూరనో పండునో అక్కడ వదిలివచ్చినట్టు, కన్ను తిరిగి వచ్చేదాకా అని మొక్కుకుని, శ్రావణం ముందు అన్నం వదిలేసింది. తన చేతులతో నలుగురికీ వడ్డించి, చేపల పులుసు ఆవిరి ముఖానికి కొడుతుండగా, ఎదురుగా కూర్చుని చపాతీ ముక్క తుంచుకుంది. పూటపూటా, ఎవరికీ చెప్పకుండా, ఒక యుద్ధం చేసింది.

“అయితే ఇన్నాళ్ళ నా నోరు కట్టుకోవడం...” అని వాక్యం అక్కడే వదిలేసింది.

శ్రీదుర్గ దగ్గరకు వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. రోజారమణి ఆ చేతిని తీసేసింది.

“జాలి పడకు. ఏం తినాలో చెప్పు. దసరా తేదీ దగ్గరికొస్తోంది. బళ్ళో పిల్లల్ని గొంతుల బట్టి పేరు పెట్టి పిలుస్తున్నానే. వాళ్ళ రాతలు పక్కపిల్ల చేత చదివించుకుని టిక్కు పెడుతున్నాను. ఎన్నాళ్ళు దాగుతుందిది?”

*

పెసలు నానబోశారు. మరునాటి ఉదయం రుబ్బి, గుప్పెడు బియ్యమైనా కలపకుండా పెనం మీద వేస్తూంటే అప్పలకొండమ్మ ఊరుకోలేదు.

“బియ్యం ఎయ్యకపోతే అట్టు ఇరిగిపోతాదే గుంటా.”

“విరగదమ్మమ్మా, సన్నసెగ మీద వేస్తే.”

అట్టు విరిగింది.

“ఇరగదన్నావు?”

“రెండోది విరగదు.”

రెండోదీ విరిగింది. మూడోదాని మీద శ్రీదుర్గ గుడ్డు కొట్టి పోసింది. అది నిలిచింది. అప్పలకొండమ్మ అట్టు అంచు తుంచి నోట్లో వేసుకుని చాలాసేపు చప్పరించి, “బాగానే ఉన్నాది గానీ, అట్టు కాదిది, ఆమ్లెట్టు,” అని తీర్పు చెప్పింది.

అసలు గొడవ అంతకుముందు రాత్రి మొదలైంది. ఇంట్లో ఉన్న తిండ్లన్నిటినీ ఒక్కొక్కటిగా తిని, రెండు గంటలయ్యాక వేలి నెత్తురు చూద్దామని శ్రీదుర్గ అంది. అందుకోసం వేలు గుచ్చి చూసే చిన్న యంత్రం కొని తెచ్చింది. మొట్టమొదట దేన్ని చూడాలో జగదీశ్వరరావే నిర్ణయించాడు.

“బ్రెడ్డుతో మొదలుపెట్టు. దాని మీద నాకు అనుమానం లేదు.”

రోజు విడిచి రోజు కాలేజీ నుంచి వస్తూ అబీద్ సెంటర్లో బండి ఆపి ఆ బ్రెడ్డు తెచ్చేది అతనే. తెల్లది వద్దని, గోధుమరంగుదే కావాలని, నిన్నటిది కాకూడదని అడిగి, ముక్కలు కోయించి, పొట్లం నలిగిపోకుండా బండి ముందు తగిలించుకుని తెచ్చేవాడు. జ్వరపడ్డ మనిషికి బ్రెడ్డూ పాలూ పెట్టే ఇంట్లో పెరిగినవాడు. రోగికి అంతకంటే తేలికైన తిండి ఉంటుందని అతని ఊహకు ఎన్నడూ అందలేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి భార్య కోసం అతను స్వయంగా చేసే ఇంటిపని ఏదైనా ఉంటే అదొక్కటే.

బ్రెడ్డు తిన్న రెండు గంటలకు అంకె మూడు వందలు దాటింది.

“మళ్ళీ చూడు,” అన్నాడు. మళ్ళీ చూసింది. ఇంకో రెండు ఎక్కువే వచ్చింది.

మరునాడు ఆ గుడ్డుపెసరట్టు తిన్న రెండు గంటలకు నూట అరవై. మూడోనాడు మళ్ళీ బ్రెడ్డు. మళ్ళీ మూడు వందలకు పైన. నాలుగోనాడు చేపలూ తోటకూర వేపుడూ, ఆనపకాయ కూర ముద్దగా; నూట యాభైకి అటూ ఇటూ. ఆ పూట చిన్నగిన్నెడు అన్నం కూడా కలుపుకుని తిని చూడమని శ్రీదుర్గ బతిమాలింది. కొలిచి తింటే అంత ప్రమాదం లేదంది. రోజారమణి ఒప్పుకోలేదు. “అది కన్ను వచ్చాకే. మొక్కుకున్నాను,” అంది. ఆ విషయంలో ఆమెతో వాదించడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం లేకపోయింది.

అంకెలు చెబుతున్నప్పుడల్లా జగదీశ్వరరావు లేచి వసారాలోకి వెళ్ళాడు. బ్రెడ్డు తేవడం మానేశాడు. మానేశానని చెప్పలేదు. సాయంత్రాలు ఉత్త చేతులతో వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా స్నానానికి వెళ్ళేవాడు. దానితోపాటు ఇల్లంతా వంటింట్లో వచ్చిన మార్పుకు కట్టుబడింది. భార్య ఎదురుగా తాను పూర్తిగా అన్నం తినలేక రాత్రిపూట అతనూ ఆ అట్లే తిన్నాడు. కడుపు నిండక విసుక్కున్నాడు.

ఆ వారం చివర అతని ఉక్రోషం కట్టలు తెంచుకుంది.

*

శనివారం మధ్యాహ్నం ఒంటిపూట కాలేజీ నుంచి వచ్చి, కడుపునిండా భోజనం చేసి, రెండు గంటలు నడుం వాల్చి లేచాడు. ఉక్క పోస్తోంది. కొయ్యూరు కొండల మీదుగా మబ్బు నల్లగా దిగుతోంది. వసారాలో రోజారమణి వేలు గుచ్చుకుని కూర్చుని ఉంది. శ్రీదుర్గ అంకె చదివింది.

“నూట నలభై ఎనిమిది! అత్తా, ఇదే నిలబడితే మూడోసారి వెనక్కి పంపరు.”

“అంటే,” అన్నాడు జగదీశ్వరరావు గుమ్మంలోంచి, “ఇన్నాళ్ళూ దాని కన్ను తీసింది నా బ్రెడ్డన్న మాట.”

“అలా ఎవరన్నారు మావయ్యా?”

“అనక్కర్లేదు. అంకెలు అంటున్నాయి. మీరంతా వింటున్నారు.”

“ఒక్క బ్రెడ్డే కాదు, అంబలీ...”

“ఆ పెట్టె ఎంత?”

“ఏ పెట్టె?”

“అదే, అరచేతిలో పట్టే ఆ డబ్బా. దాన్ని నమ్మి నువ్వు మనిషి తిండి మార్చేస్తున్నావు. అది ఒప్పు చెబుతోందని నీకెవరు చెప్పారు? ఏ పరికరాన్నైనా ముందు తెలిసిన నమూనాతో సరిచూడాలి. ఇంటర్ పిల్లాడికి కూడా తెలుస్తుంది ఆ సంగతి. తెలియని దాన్ని తెలియని దాంతో కొలిచి, బ్రెడ్డు తప్పు, అట్టు ఒప్పు అంటే అది శాస్త్రమా, చిలకజోస్యమా?”

“ల్యాబుకి తీసుకెళ్ళి సరిచూస్తాను.”

“ల్యాబుదాకా ఎందుకు? తెలిసిన నమూనా ఇంట్లోనే ఉంది.” చొక్కా చెయ్యి పైకి మడిచాడు. “నాకు షుగరు లేదు. నా నెత్తురు చూద్దాం.”

“మావయ్యా, నువ్వెప్పుడైనా చూపించుకున్నావా?”

“జబ్బు లేనివాడు దేనికి చూపించుకుంటాడే?”

రోజారమణి ముఖం ఇటు తిప్పింది. మాటలాడిన దిక్కుకు తిప్పడం అలవాటైంది ఆమెకు. “ఎందుకండీ పట్టుదల?”

“పట్టుదల కాదు. నియమం పెట్టుకుంటున్నాను, వినండి. తిని రెండు గంటలైంది. నూట నలభై లోపల వస్తే ఈ పెట్టె ఒప్పు. బ్రెడ్డు తప్పు, నేను తప్పు, ఆ రోజు నిన్ను ప్రమాణం చెయ్యమనడం మరీ తప్పు. మూడూ ఒప్పుకుంటాను. దాటి వచ్చిందా, పెట్టె తప్పుదన్న మాట. దీని అంకెలన్నీ బుట్టలో పడతాయి. అప్పుడు ఆ మూడు వందలకి కారణం ఏటో నువ్వు చెప్పాలి.”

“అప్పుడు నేను మళ్ళీ దొంగనా?” అంది రోజారమణి.

అతను చొక్కా చేతిని ఇంకో మడత పైకి తోసి, వేలు ముందుకు చాచాడు.

శ్రీదుర్గ యంత్రంలో కొత్త పట్టీ పెట్టి అందించబోతూ ఉంటే పెరట్లోంచి అప్పలకొండమ్మ కేకేసింది. “శీదుర్గా! వాన వచ్చీసింది! మేడ మీద బట్టలన్నీ తడిసిపోతన్నాయే! బేగి రా!”

“నేను చేసుకుంటాను, నువ్వెళ్ళు,” అన్నాడు జగదీశ్వరరావు.

ఆమె మెట్ల మీదికి పరుగెత్తింది. పెద్ద చినుకులు రేకుల మీద పడుతున్నాయి. అతను వేలికి సూది నొక్కాడు. చుక్క తేలింది. పట్టీ అంచుకు తాకించాడు. యంత్రం అంకెలు వెనక్కు లెక్కపెట్టుకోసాగింది.

“వచ్చిందా?” అంది రోజారమణి. చేతులు ఒడిలో ముడుచుకుని కూర్చుంది. అతని చేతిలోది ఆమెకు ఒక తెల్లని మచ్చలా కనబడుతోంది, అంతే.

వచ్చింది.

రెండువందల డెబ్భై ఎనిమిది.

జగదీశ్వరరావు యంత్రాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. దూరంగా పెట్టుకుని చూశాడు. అంకె మారలేదు. రాత్రిళ్ళు మూడేసిసార్లు లేవడం, ఎంత తాగినా తీరని దాహం, ఈ వేసవి నుంచి వదులైన ప్యాంట్లు, అన్నిటికీ వయసు అని తాను వేసుకున్న సమాధానం ఒక్కసారిగా అడ్డం తిరిగింది.

“ఏవండీ, ఎంత?”

నూట నలభై దాటింది. తాను పెట్టిన నియమం ప్రకారం పెట్టె తప్పు. దాని అంకెలన్నీ బుట్టలో పడాలి. రేపటి నుంచి మళ్ళీ ఉప్మా, చపాతీలు, అంబలి. దసరాకు మళ్ళీ ఆ బల్ల దాకా వెళ్ళి వెనక్కు రావడం. వెనకనున్న పొర. వసారాలో కూర్చున్న ఈ మనిషి మళ్ళీ దొంగ.

పెట్టె ఒప్పు అనాలంటే తన సంగతి చెప్పాలి. చెబితే రోజారమణి తన కన్ను మాట ఆ క్షణమే మరిచిపోతుంది. ఆమె తత్వం అతనికి తెలుసు. తన మందులు పక్కన పెట్టి అతని మందుల వేళలు చూస్తుంది. దసరా తేదీన అతన్ని డాక్టరు దగ్గరకు తీసుకుపోతానంటుంది. అతను చెప్పుకున్న కారణం ఇది. దీని కింద ఇంకొకటి ఉంది. జబ్బు లేనివాడు దేనికి చూపించుకుంటాడని గుమ్మంలో నిలబడి అన్న గొంతు ఇంకా వసారాలోంచి పోలేదు.

“నూట పద్దెనిమిది,” అన్నాడు.

పట్టీ లాగి జేబులో వేసుకున్నాడు. తెర నల్లబడింది.

రోజారమణి ముఖంలో ఏదో సడలింది. ఆసుపత్రి నుంచి వచ్చిన నాటి నుంచీ బిగించి పట్టుకున్నదేదో.

“అయితే పెట్టె మంచిదే.”

“మంచిదే.”

“నేను అబద్ధం చెప్పలేదు.”

“లేదు,” అన్నాడు జగదీశ్వరరావు. “నువ్వు చెప్పలేదు.”

“మూడు తప్పులు ఒప్పుకుంటానన్నారు.”

“ఒప్పుకున్నాను.”

“అన్నీ ఒక్క ఊపులోనేటి? విడివిడిగా చెప్పండి. వినాలనుంది నాకు,” అని నవ్వింది. ఆ నవ్వు విని అతను కళ్ళు మూసుకున్నాడు. అది చూడగలిగిన కళ్ళు అక్కడ లేవు.

తడిసిన బట్టలు చంకన పెట్టుకుని శ్రీదుర్గ మెట్లు దిగింది. “ఎంత వచ్చింది మావయ్యా?”

“నూట పద్దెనిమిది!” అంది రోజారమణి, తన అంకె చెప్పుకున్నంత సంబరంగా. “మీ మావయ్య తెలిసిన నమూనాయే. ఆ దేవుడు ఈయన్నైనా చల్లగా చూశాడు.”

శ్రీదుర్గ మేనమామ ముఖం వైపు చూసింది. అతను వాన చూస్తున్నాడు. పగలంతా జనం అంకెలు విని ముఖం పెట్టే తీరు ఆమె చూస్తూనే ఉంటుంది. మంచి అంకె విన్న మనిషి ఇలా ఉండడు. ఏదో అడగబోయి, అత్తగారి నవ్వు చూసి, బట్టలు ఆరేయడానికి లోపలికి వెళ్ళిపోయింది.

*

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకే రోజారమణి వంట చేసింది. ఎవరినీ దగ్గరకు రానివ్వలేదు. చేత్తో తడిమి బియ్యం కడిగింది. వాసన బట్టి చింతపండు పులుసు దించింది. శీలావతి చేప ముక్కలు విరగకుండా గరిటె తిప్పింది. వారం రోజులుగా తన మూలంగా మగమనిషి రాత్రిళ్ళు అర్ధాకలితో లేస్తున్నాడన్న సంగతి ఆమెకు తెలియక కాదు.

“రండి,” అంది. “మీకేం లేదని తేలింది కదా. నాతోపాటు మీకెందుకీ అవస్థ? ఈ పూట నుంచి మీకు వేరే వండుతాను.”

“నాకూ ఆ అట్లే చాల్లే.”

“చాల్లే అంటే? అలవాటు లేని తిండి తిని చిక్కిపోయారు. నిన్న భుజం మీద చెయ్యి వేస్తే ఎముక తగిలింది. నాకు కనబడదు గానీ తెలుస్తుంది.”

“బాగానే సెప్పింది. ఎల్లి తినరా,” అంది మంచం మీంచి అప్పలకొండమ్మ. “పెళ్ళాం మొకం ఇన్నాల్టికి ఇప్పారింది.”

అతను పీట మీద కూర్చున్నాడు. రోజారమణి కంచం అంచు వేలితో పోల్చుకుని అన్నం వడ్డించింది. నాతవరం బియ్యం. పొగలు లేస్తున్నాయి. ఎంత పడిందో ఆమె కంటికి ఆనక ఇంకో రెండు గరిటెలు వేసింది. మధ్యలో గుంట చేసి పులుసు పోసింది. తన అట్టు చేతిలో పట్టుకుని ఎదురుగా కూర్చుని, మసక కళ్ళతో అతని వైపే చూస్తోంది. అతను కలిపే చప్పుడు వింటోంది.

వంటింటి గుమ్మంలో శ్రీదుర్గ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో అతను గమనించలేదు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. రెండోది. మూడోది. కంచంలోది సగమయ్యేసరికి గరిటె మళ్ళీ గాల్లో తడుముకుంటూ అతని కంచం మీదికి వచ్చి ఆగింది.

“ఇంకొంచెం వెయ్యనా?”

చాలనడానికి నూట పద్దెనిమిది ఉన్న మనిషికి కారణమేమీ లేదు. జగదీశ్వరరావు గుమ్మం వైపు ఒక్కసారి చూసి, కంచం ముందుకు జరిపాడు.

“వెయ్యి,” అన్నాడు.